రోబో తొలిచినా, చెయ్యి తొలిచినా ముఖనాడి అక్కడే ఉంటుంది

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు ఐదు పేజీల ఉత్తరం పంపారు. క్లుప్తంగా అందులోని సంగతి ఇది.

ఆమెకు 46 ఏళ్లు. లెక్కలు చూసే ఉద్యోగం. కుడి చెవి 11 ఏళ్ల కిందటే పూర్తిగా పోయింది. ఎడమ చెవి రెండేళ్లుగా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు ఎంత శక్తిమంతమైన వినికిడి యంత్రం పెట్టినా చప్పుడు పెద్దదవుతోందే తప్ప మాట తెలియడం లేదు. ఇద్దరు డాక్టర్లకు చూపించారు. ఇద్దరూ కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలోకి సన్నని తీగ పంపి, శబ్దాన్ని కరెంటుగా వినికిడి నాడికి అందించే పరికరం) పెట్టించుకోమన్నారు. ఒకరు ‘ఎన్నో ఏళ్లుగా చేత్తోనే చేస్తున్నాను’ అంటే, ఇంకొకరు ‘మా దగ్గర రోబో ఉంది’ అన్నారు. అక్కడి నుంచి ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. భర్త రోబో వీడియోలన్నీ చూసి, మనిషి చెయ్యి వణకవచ్చు గానీ యంత్రం వణకదంటున్నారు. ముప్ఫై ఏళ్లుగా లేత్ మిషన్ మీద పనిచేస్తున్న అన్నయ్య మాత్రం ససేమిరా అంటున్నారు. ‘డ్రిల్ ఎలా పక్కకు జారుతుందో, ఎంత వేడెక్కుతుందో నాకు తెలుసు. చేతికి తెలిసేది మిషన్‌కు తెలియదు. నా చెల్లెలి తలలోకి దాన్ని పోనివ్వను’ అన్నది ఆయన మాట.

ఆమె భయం వీటికి వెనక ఉంది. పదిహేనేళ్ల కిందట వాళ్లమ్మగారు ఒక ఉదయం లేచేసరికి మూతి వంకర పోయింది. కన్ను మూతపడేది కాదు, రాత్రిపూట టేపు అంటించుకుని పడుకునేవారు. గ్లాసుతో నీళ్లు తాగితే ఒక పక్కనుంచి కారిపోయేవి. చాలావరకు తగ్గింది గానీ, ‘ఆ తర్వాత అమ్మ ఏ ఫొటోలోనూ నిటారుగా నిలబడలేదు, ఎప్పుడూ ఎవరి భుజం వెనకో ఉంటుంది’ అని రాశారు. చెవి ఆపరేషన్‌లో ముఖనాడికి, అంటే ముఖ కండరాలను కదిపే నాడికి, దెబ్బ తగలవచ్చని కాగితంలో చదివినప్పటి నుంచి ఆమె రోజూ అద్దం ముందు నిలబడి ఈల వేసి చూసుకుంటున్నారు. ‘చెవి పోతే భరించాను. ముఖం పోతే భరించలేను.’

ఉత్తరం చివర మరో మాట. ‘ఇద్దరు డాక్టర్లూ నాతో కాక మా ఆయనతో మాట్లాడారు. మాస్కుల వెనక ఏమనుకున్నారో నాకు తెలియదు. ముప్పావుగంట మాట్లాడి, ఇంటికి వచ్చాక ఆయన నాకు చెప్పినవి నాలుగు వాక్యాలు. రోబో నా ముఖనాడిని నిజంగా కాపాడుతుందా? ప్రమాదం వస్తే తనంతట తాను ఆగుతుందా? వద్దంటే నేను పిరికిదాన్నా?’

సమాధానం

అమ్మా, చెవి డాక్టరుగా ముప్ఫై ఏళ్లకు పైగా చెవి వెనక ఎముకను తొలిచినవాణ్ని. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది రోబో కాదు. మీ చెవి గురించి, మీరు ఎదురుగా కూర్చుని ఉండగా, మీకు వినిపించకుండా ముగ్గురు మాట్లాడుకోవడం. చెవి డాక్టర్లం కూడా ఈ తప్పు చేస్తాం. వినపడని మనిషి పక్కన వినపడే మనిషి కనిపిస్తే మా మొహం అటు తిరిగిపోతుంది. కాబట్టి ఏ నిర్ణయానికైనా ముందు ఇద్దరి దగ్గరా మరోసారి సమయం తీసుకోండి. మాస్కు తీసి, మీ వైపు తిరిగి మాట్లాడమనండి. మాటను అక్షరాలుగా మార్చి చూపే ఫోను బల్ల మీద పెట్టండి. ముఖ్యమైన జవాబులు కాగితం మీద రాసిమ్మనండి. మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి, ప్రశ్నలు మాత్రం మీరే అడగండి. ఏం అడగాలో కింద చెబుతాను.

మీ మనసులో రెండు ప్రశ్నలు ఒకే ముడి పడ్డాయి. ఇంప్లాంట్ పెట్టించుకోవాలా వద్దా అన్నది ఒకటి, దాన్ని ఏ దారిలో పెట్టాలన్నది రెండోది. భర్త, అన్నయ్య పోట్లాడుకుంటున్నది రెండోదాని మీద. మీరు రాత్రుళ్లు నిద్రపోనిది మొదటిదాని మీద. రోబో వద్దనుకున్నంత మాత్రాన ఇంప్లాంట్ వద్దన్నట్టు కాదు. ఇంప్లాంట్ వద్దనుకుంటే రోబో గొడవే లేదు. ముడి విప్పితే ఇంట్లో సగం వేడి తగ్గుతుంది.

అమ్మగారి సంగతి కూడా విడిగా చూద్దాం. ఏ దెబ్బా తగలకుండా తెల్లవారేసరికి మూతి వంకర పోయిందంటే అది బహుశా బెల్స్ పాల్సీ. ముఖనాడి పుర్రెలో ఇరుకైన ఎముక గొట్టంలోంచి ప్రయాణిస్తుంది. నాడి వాస్తే ఆ గొట్టంలో అది ఉబ్బడానికి చోటుండదు, తనను తానే నొక్కుకుంటుంది. అది వచ్చినవారిలో నూటికి సుమారు 70 మందికి మందులు లేకపోయినా పూర్తిగా నయమవుతుంది. మీ అమ్మగారు మిగిలిన ముప్ఫైలో ఉన్నారు, దురదృష్టం. కానీ అది ఎవరూ కాపలా లేని వేళ వచ్చిన వాపు. ఆపరేషన్‌లో నాడి ఎక్కడుందో ముందే తెలుసు, దాని మీద కాపలా ఉంటుంది. ముఖం మీద కనిపించేది ఒకటే కావచ్చు, జరిగే తీరు వేరు. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లలో ముఖం బలహీనపడటం సాధారణంగా నూటికి ఒకటి లోపే, అందులోనూ ఎక్కువ భాగం తాత్కాలికమే. ఆ ఒక్కరు మీరైతే ఎలా అన్న భయానికి అంకె సమాధానం కాదని నాకు తెలుసు. అందుకే నాడి ఎక్కడుంటుందో, దాన్ని ఎలా కాపాడతారో చెబుతాను.

చెవి వెనక చేత్తో తడిమితే గట్టిగా తగిలే ఎముక ఉందే, మాస్టాయిడ్, అది లోపల తేనెపట్టులా గాలి గదులతో ఉంటుంది. దాన్ని తొలుచుకుంటూ మధ్య చెవిలోకి, అక్కడి నుంచి నత్త గుల్లలా చుట్టుకుని ఉన్న కాక్లియాలోకి చేరి, అందులోకి సన్నని ఎలక్ట్రోడ్ తీగను జొప్పించాలి. దారికి అడ్డంగా రెండు నాడులుంటాయి. ఒకటి ముఖనాడి. ఎముక గొట్టంలో దాని ప్రయాణం సుమారు 3 సెంటీమీటర్లు. కదలికలు నడిపే నాడుల్లో మరేదీ ఎముక లోపల అంత దూరం పోదు. రెండోది దాని నుంచి చీలి వెళ్లే కార్డా టింపనీ, దారం పోగంత ఉంటుంది, నాలుక ముందు భాగపు రుచిని మోస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందులోంచే మేము లోపలికి పోవాలి. ఆ సందు చాలామందిలో 2 నుంచి 4 మిల్లీమీటర్ల వెడల్పు.

నేను చదువుకునే రోజుల్లో మొదటిసారి ప్రయోగశాలలో ఎముక మీద డ్రిల్ పట్టుకున్నప్పుడు, మా గురువుగారు నాడికి దూరంగా పొమ్మంటారేమో అనుకున్నాను. ఆయన నాడి దగ్గరికే పొమ్మన్నారు. ‘కనపడని పాము కంటే కనపడే పాము నయం’ అన్నారు. వజ్రపు పొడి అద్దిన గుండ్రటి డ్రిల్ మొనతో, ఎడతెగకుండా నీళ్లు పోస్తూ, ఎముకను ఉల్లిపొరంత పలచగా అరగదీస్తే లోపల నాడి గులాబీ ఛాయలో ఒక గీతలా కనిపిస్తుంది. బతికిన మనిషిలో దానికి ఆనుకున్న సన్నని రక్తనాళాలు ముందుగానే చిన్న ఎర్ర చుక్కలు చూపిస్తాయి. అదే మాకు మొదటి హెచ్చరిక. చేత్తో చేసే పద్ధతికి ప్రాణం ఇదే. నాడిని తాకకుండా, దాని ఉనికిని కళ్లతో చూస్తూ పక్కనుంచి పోవడం. ఇందుకోసం ఎముకను విశాలంగా తొలవాల్సి వస్తుంది.

రోబో దారి దీనికి సరిగ్గా తలకిందులు. అది నాడిని చూడదు. నాడి ఎక్కడుందో ముందే కొలిచి, విశాలంగా తొలవకుండా బయటి నుంచి ఒకే ఒక సన్నటి సొరంగం వేస్తుంది. మీ భర్త, మీ అన్నయ్య ఇద్దరూ ఈ తేడా పట్టుకోలేదు. అసలు తేడా చెయ్యి వణకడం, వణకకపోవడం కాదు. చూస్తూ పోవడానికీ, కొలత నమ్ముకుని పోవడానికీ ఉన్న తేడా.

ముందు ఒక హెచ్చరిక. రోబో అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. ఎముకను తానే తొలిచేది ఒకటి. డాక్టరు పక్కన కూర్చుని నడిపితే పరికరాన్ని వణుకు లేకుండా కదిపే చెయ్యి లాంటిది మరొకటి. తొలిచే పనితో సంబంధం లేకుండా, చివరలో ఎలక్ట్రోడ్‌ను చాలా నెమ్మదిగా, ఒకే వేగంతో లోపలికి నెట్టే చిన్న యంత్రం మూడోది. ముఖనాడికి సంబంధించినంత వరకు మొదటిదే అసలు ప్రశ్న. రెండో రకం చెయ్యి ఇస్తుంది తప్ప దారి నిర్ణయించదు. మూడోది నాడిని దాటాక పనిచేస్తుంది, దాని ఉపయోగం మిగిలి ఉన్న వినికిడిని కాపాడటంలో. మీకు చెప్పిన ఆ ‘మా దగ్గరి రోబో’ వీటిలో ఏది? ఐదు పేజీల్లో మీరు ఎక్కడా రాయలేదు. మీవారిని అడిగి చూడండి, ఆయనకూ తెలియకపోవచ్చు. మీ ఇంట్లో జరుగుతున్న యుద్ధం ఒకవేళ మూడో రకం గురించైతే, ఇద్దరూ లేని శత్రువుతో పోరాడుతున్నట్టే.

మొదటి రకమే అనుకుందాం. ఇప్పుడు మీ అన్నయ్య దగ్గరికి వస్తాను. ఆయన మొండివాడని మీరు రాశారు. నాకు మాత్రం ఆయన అడిగిన మూడు మాటలూ ఆ యంత్రాన్ని తయారుచేసినవాళ్లు ఏళ్ల తరబడి తలలు పట్టుకున్న మూడు సమస్యల్లాగే కనిపించాయి. ఈ ఉత్తరం ఆయనకు కూడా చదివించండి.

డ్రిల్ పక్కకు జారడం. లేత్ మీద బిగించిన జాబ్, అంటే పని చేసే ముక్క, వెంట్రుకవాసి కదిలినా కొలతలన్నీ పోతాయని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడ జాబ్ మీ తల. అందుకే చెవి వెనక ఎముకలో చిన్న స్క్రూలు బిగించి, ఆ తర్వాత సీటీ స్కాన్ తీస్తారు. స్క్రూలు స్కాన్‌లోనూ కనిపిస్తాయి, బల్ల మీదా ఉంటాయి. ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి సరిపెట్టి యంత్రం తన స్థానం తెలుసుకుంటుంది. తలను గట్టిగా బిగించి ఉంచుతారు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఈ పద్ధతిని తయారుచేసిన బృందం దానం వచ్చిన శవాల ఎముకలపై పరీక్షించినప్పుడు గురి తప్పడం సగటున 0.15 మిల్లీమీటరు. 2016లో అక్కడే మొదటి రోగికి చేశారు. నాడి పక్క నుంచి పోయే చోట సొరంగం వ్యాసం 1.8 మిల్లీమీటర్లు. ముఖనాడికి కనీసం 0.4, రుచి నాడికి 0.3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా దారి గీస్తారు. కూడి చూడండి, 2.5 వస్తుంది. మీ సందు అంతకంటే ఇరుకైతే ఆ రోబో మీకు పనికిరాదు, అంతే. ఆ మాట మీ స్కాన్ చూసి ఆపరేషన్‌కు ముందే చెప్పగలరు. వాళ్లింకా ఆ కొలత తీయకపోతే మీ ఇంట్లో చర్చంతా గాలిలో మేడలే.

వేడి. ఎముకకు 47 డిగ్రీల వేడి ఒక నిమిషం తగిలితేనే హాని మొదలవుతుందని పాత ప్రయోగాలు చెబుతున్నాయి. అంటే నాడిని డ్రిల్ తాకనక్కర్లేదు, పక్కనుంచి పోతూ వేడి చేసినా చాలు. ఇది ఊహ కాదు. బెర్న్ కంటే ముందు అమెరికాలో ఒక బృందం, రోగి తల మీద బిగించే చట్రంతో ఇలాంటి సన్నని దారి వేసి, తొమ్మిది మంది ఫలితాలను 2014లో ప్రచురించింది. వారిలో ఒకరికి ముఖం బలహీనపడింది, కారణం వేడేనని వాళ్లే రాశారు. ఏడాది తర్వాత కొద్దిపాటి తేడానే మిగిలింది, కానీ మిగిలింది. అందుకే తర్వాత వచ్చిన యంత్రం ఒకే ఊపులో తొలవదు. నాడి దగ్గరపడే చోట కొంచెం కొరికి, వెనక్కి వచ్చి, నీళ్లతో కడిగించుకుని, చల్లారి, మళ్లీ కొరుకుతుంది. మీ అన్నయ్య దీన్ని పెక్ డ్రిల్లింగ్ అంటారు. లోతైన రంధ్రం వేసేటప్పుడు రోజూ చేసే పనే. ఆయన ఈ పేరా దగ్గర ఒకసారి ఆగుతారని నా అనుమానం.

ఇక చేతికి తెలిసేది యంత్రానికి తెలియదన్నది. సగం నిజం. నా వేళ్లకు గట్టి ఎముకకూ గాలి గదికీ తేడా తెలిసేది, డ్రిల్ శబ్దం మారగానే చెవికి తెలిసేది. యంత్రానికి శబ్దం తెలియదు గానీ డ్రిల్ మీద పడే ఒత్తిడి తెలుస్తుంది. స్కాన్‌లో దారి పొడవునా ఎముక ఎక్కడ గట్టి, ఎక్కడ బోలు అన్నది ముందే నమోదై ఉంటుంది. తొలిచేటప్పుడు పడే ఒత్తిడి ఆ పటంతో సరిపోతోందా అని చూసుకుంటూ, తాను ఉండాల్సిన చోటే ఉన్నానా అని లెక్కకడుతుంది. దీనికి తోడు నాడికి చేరే ముందు డ్రిల్ ఆపి, బల్ల మీదే మళ్లీ స్కాన్ తీసి చూస్తారు. ఆ తర్వాత సొరంగంలోకి సన్నని కడ్డీ పంపి చిన్న కరెంటు ఇచ్చి, ముఖంలో కండరాలు స్పందిస్తున్నాయేమో పరీక్షిస్తారు. అన్నయ్య మాటలో మిగిలిన సగం నిజం ఇది: స్కాన్‌లో లేనిదేదైనా ఎదురైతే నా చెయ్యి దారి మార్చుకుంటుంది. యంత్రం మార్చుకోలేదు, ఆగగలదు మాత్రమే.

ఆగడం అంటే ఓడిపోవడం కాదు. బెర్న్ బృందం 2019లో తమ మొదటి తొమ్మిది మంది రోగుల వివరాలు ప్రచురించింది. ఆరుగురికి రోబో వేసిన సొరంగం గుండానే ఎలక్ట్రోడ్ వెళ్లింది. ముగ్గురి విషయంలో భద్రత కోసం డాక్టర్లు పాత పద్ధతికి మళ్లి చేత్తో పూర్తిచేశారు. తొమ్మిది మందికీ ఇంప్లాంట్ అమరింది, ఎవరి ముఖమూ చెడలేదు. ఈ వార్తను ‘ముగ్గురిలో విఫలం’ అని చదివేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ మూడు అంకె మీదే నమ్మకం కలిగింది. మీరడిగిన ‘తనంతట తాను ఆగుతుందా’ అన్న దానికి జవాబు ఇది. అనుకోని ఒత్తిడి, కదలిక వంటివి వస్తే ఆగేలా ఏర్పాట్లున్నాయి. కానీ ఇక చాలు, చేత్తో చేద్దాం అనే నిర్ణయం మనిషిదే. కనుక రోబో పక్కన నిలబడే మనిషికి చేత్తో చేయడం బాగా వచ్చి ఉండాలి. రోబో కొన్నందువల్ల చెవి ఆపరేషన్లు మొదలుపెట్టిన చోటికి వెళ్లకండి.

ఇప్పుడు మీవారికి ఒక మాట. రోబో వల్ల ముఖనాడి దెబ్బలు తగ్గాయని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. నిరూపించడం కూడా చాలా కష్టం. అనుభవమున్న చేతుల్లో అది నూటికి ఒకటి కూడా కాదు. ఒకటి నుంచి అరకు తగ్గిందని చెప్పాలంటే వేలమందికి చేసి చూడాలి, రోబోతో అంతమందికి చేసిన లెక్కలు నేను చూడలేదు. కాబట్టి ‘రోబో అయితే ముఖానికి ఢోకా లేదు’ అన్నది వీడియోల మాట. రోబో ఇస్తుందని చెప్పుకోదగినవి వేరు: తక్కువ ఎముక తొలవడం, కాక్లియాలోకి ముందే లెక్కగట్టిన కోణంలో చేరడం, ఒక చోట వచ్చిన పనితనం మరో చోటా రావడం. ఇవి చిన్న విషయాలు కావు, కానీ మీకు నిద్రపట్టనివ్వని ప్రశ్నకు జవాబులు కావు.

రెండు పద్ధతుల్లోనూ మిమ్మల్ని కాపాడేది ఒకటుంది, మీ ఇంట్లో ఎవరూ దాని పేరెత్తినట్టు లేదు. నర్వ్ మానిటర్. మత్తులో ఉండగా కంటి చుట్టూ ఉండే కండరంలో, పెదవి చుట్టూ ఉండే కండరంలో వెంట్రుకల్లాంటి సూదులు గుచ్చుతారు. నాడిని ఏదైనా కదిపితే ఆ కండరాలు అదిరి, యంత్రం పలుకుతుంది. ఆ గదిలో టపటపమని ఆ చప్పుడు వినిపిస్తే ఎంత పెద్ద సర్జన్ అయినా చెయ్యి గాలిలో ఆపేస్తాడు. అయితే దాని మౌనం రెండు రకాలు. నాడి క్షేమంగా ఉంది కాబట్టి మౌనం ఒకటి. సూది ఊడిపోయింది కాబట్టో, కండరాలు బిగుసుకోకుండా ఇచ్చే మందు ఇంకా పనిచేస్తోంది కాబట్టో మౌనం మరొకటి. రెండోది ప్రమాదం. అందుకే మత్తు డాక్టరు ఎక్కువసేపు పనిచేసే ఆ మందు వాడకూడదు, వాడితే దాని ప్రభావం పోయిందని తేల్చుకున్నాకే నాడి దగ్గర పని మొదలవ్వాలి. ఆపరేషన్‌కు ముందు మీరు మాట్లాడాల్సిన మూడో డాక్టరు ఆయన. వేడి విషయంలో మాత్రం మానిటర్‌ను మరీ నమ్ముకోకూడదు. నెమ్మదిగా పాకే వేడికి నాడి ప్రతిసారీ అరవదు. అక్కడ కాపాడేవి నీళ్లూ, ఓపికా.

రుచి నాడి గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి, ఎందుకంటే ముఖం కంటే దానికి ఏదో ఒకటి అయ్యే అవకాశం ఎక్కువ. అది సాగినా, తెగినా నాలుక ఒక పక్క ఇనుము నాకినట్టు, కొంచెం మొద్దుబారినట్టు ఉండవచ్చు. చాలామందికి నెలల్లో మరుగున పడుతుంది. కొన్నిసార్లు ముఖనాడికి దూరం పెంచడానికి రుచి నాడిని తెలిసే బలిపెడతారు. మీ విషయంలో అలా చేయాల్సి వస్తే ముందే చెప్పమనండి. మీరు బహుశా సరేనంటారు. అయినా అడిగి చేయడం వేరు, అడగకుండా చేయడం వేరు.

ఇక మీ ముందున్న దారులు. ముఖం మీదే మీ ప్రాణమంతా ఉంటే, చేత్తో చేసే అనుభవజ్ఞుడి దగ్గరికి వెళ్లడంలో పిరికితనం ఏమీ లేదు. దశాబ్దాల అనుభవం, నాడిని కళ్లతో చూసే పద్ధతి, పక్కన మానిటర్. పెద్ద గాటు, ఎక్కువ ఎముక పోవడం దాని మూల్యం. రోబో సొరంగాన్ని ఎంచుకుంటే గాటు చిన్నది. కానీ మీరు కొత్త పద్ధతి తొలి వరుసల్లో ఉంటారు, మధ్యలో చేతికి మళ్లే అవకాశాన్ని ముందే ఒప్పుకుని బల్ల ఎక్కాలి. దారి చేత్తో తొలిచి, ఎలక్ట్రోడ్‌ను మాత్రం చిన్న యంత్రంతో నెమ్మదిగా పంపే మధ్యేమార్గం కూడా ఉంది. మీ ఎడమ చెవిలో లోతైన, బొంగురు శబ్దాలు ఇంకా కొన్ని వినపడుతుంటే దాని గురించి తప్పకుండా అడగండి. అసలు ఆగిపోవడం కూడా ఒక దారే. ఒకటి రెండు నెలలు ఆలోచించుకుంటే పోయేదేమీ లేదు. ఏళ్లు గడిస్తే మాత్రం పోతుంది. చప్పుడు చేరని చెవికి తర్వాత ఇంప్లాంట్ పెట్టినా మాట పట్టుకోవడం కష్టమవుతూ వస్తుంది. ఏ చెవికి పెట్టాలన్న ప్రశ్న కూడా ఇక్కడే ఉంది. 11 ఏళ్లుగా మూగబోయిన కుడి చెవా, నిన్నటిదాకా విన్న ఎడమ చెవా? కుడి చెవికి పెడితే ఎడమ చెవిలో మిగిలింది భద్రం, ఫలితం తగ్గవచ్చు. ఎడమకు పెడితే ఫలితం మెరుగ్గా ఉండవచ్చు, మిగిలి ఉన్న కాస్త వినికిడినీ పణంగా పెట్టినట్టవుతుంది. దీని మీద మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. రోబో గొడవలో పడి ఇంతకంటే పెద్ద ప్రశ్నను అందరూ మరిచిపోయారని నాకు అనిపించింది.

డాక్టర్ల దగ్గరికి రెండోసారి వెళ్లినప్పుడు మొదట మీ స్కాన్ తెరమీద తెరిపించి, ముఖనాడిని వేలితో చూపించమనండి. చూపించడానికి విసుక్కునే డాక్టరు గురించి మీకు అక్కడికక్కడే ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. నా సందు ఎన్ని మిల్లీమీటర్లు, రోబో చేసే పని ఏది, మధ్యలో మళ్లీ స్కాన్ తీస్తారా అని అడగండి. ‘ఇంతవరకు ఎన్నిసార్లు రోబోను ఆపి చేత్తో పూర్తిచేశారు’ అని అడగండి. ఒక్కసారి కూడా ఆపలేదని గర్వంగా చెబితే, ఎంతమందికి చేశారో కూడా అడగండి. చేత్తో చేసే ఆయన్ని ‘ప్రతి ఆపరేషన్‌లోనూ మానిటర్ వాడతారా’ అని అడగండి. ‘ముఖం బలహీనపడితే ఆ రోజు ఏం చేస్తారు’ అన్నది ఇద్దరికీ వేయాల్సిన ప్రశ్న. సరైన జవాబు ఇలా ఉండాలి: మెలకువ రాగానే చూస్తారు. తిమ్మిరి ఇంజక్షన్ వల్ల కొన్ని గంటలు బలహీనంగా ఉండవచ్చు గనక ముందు అది విడిచేదాకా ఆగుతారు. అప్పటికీ కదలకపోతే తెరిచి చూడాలా అని ఆలోచిస్తారు. మొదట బాగుండి, కొన్ని రోజుల తర్వాత వంకర పోతే అది చాలావరకు వాపు. మందులతో ఎక్కువ మందికి తగ్గుతుంది, కానీ ఆ రోజే వెళ్లాలి, వారం ఆగకూడదు.

అద్దం ముందు ఈల మానవద్దు. కాకపోతే దానికో ప్రయోజనం కల్పించండి. ఆపరేషన్‌కు ముందు వారంలో మంచి వెలుతురులో ఫోనులో ఒక వీడియో తీయించుకోండి: కనుబొమలు ఎత్తడం, కళ్లు మెల్లగా, తర్వాత గట్టిగా మూయడం, ముక్కు చిట్లించడం, పళ్లు కనపడేలా నవ్వడం, బుగ్గలు పూరించడం, చివర ఈల. ముఖం బలాన్ని డాక్టర్లు 1 నుంచి 6 దాకా అంకెల్లో కొలుస్తారు, 1 అంటే మామూలు. నూటికి నూరు పాళ్లు ఒకేలా ఉండే ముఖం ఎవరికీ ఉండదు. ఆపరేషన్ తర్వాత అద్దంలో కనిపించే చిన్న తేడా కొత్తదా పాతదా అని బెంగపెట్టుకోకుండా ఆ వీడియో సాక్ష్యం చెబుతుంది.

ఇంకొకటి, దీన్ని ఏ కాగితంలోనూ రాయరు. మెలకువ వచ్చినప్పుడు తలకు కట్టు ఉంటుంది, వినికిడి యంత్రం ఉండదు, చుట్టూ మాస్కులుంటాయి. ఎవరో మీద వంగి ఏదో అంటారు. వాళ్లు అడిగేది కళ్లు మూయమని, నవ్వమని. మీకు వినపడదు. మీరు స్పందించరు. ఆ కాసేపు వాళ్లూ కంగారు పడతారు, వాళ్ల కళ్లలో కంగారు చూసి మీరూ పడతారు. అందుకని రెండు అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో రాయించి మీ ఫైలుకు కట్టి పంపండి. ఒకదాని మీద ‘కళ్లు గట్టిగా మూయండి’, రెండోదాని మీద ‘పళ్లు కనపడేలా నవ్వండి’. మీ అన్నయ్య చేత రాయించండి, కొలత తప్పకుండా రాస్తారు. పట్టుకుని లోపలికి వెళ్లి నర్సు చేతిలో పెట్టే పని మీవారికి అప్పగించండి.